బొడ్డు చుట్టూ రెండు గడియారాలు

గర్భిణుల పరీక్ష జరిగే రోజున జింగనూర్ వైపు ఏ దవాఖాన వరండాలో కాసేపు కూర్చున్నా మూడు భాషలు చెవిన పడతాయి. రిజిస్టరులో రాత మరాఠీ. అత్తాకోడళ్ల గుసగుసలు తెలుగు. అడవి లోపలి ఊళ్ల నుంచి నడిచొచ్చినవాళ్ల మాటలు మాడియా. లోపల బల్ల మీద మాత్రం ఒకటే భాష నడుస్తుంది. అది టేపు భాష. సిస్టర్ అరచేతి అంచుతో పొట్టను పైనుంచి కిందికి మెల్లగా నొక్కుతూ వస్తుంది. మెత్తగా ఉన్నచోట చెయ్యి దిగుతుంది. గట్టిగా, గుండ్రంగా తగిలినచోట ఆగుతుంది. గర్భసంచి పై అంచు అదే. అక్కడ వేలు పెట్టి, కింద పొత్తికడుపు ఎముక దాకా టేపు పరుస్తుంది.

"ఎన్నో నెలమ్మా?"

"ఏడు పడ్డది సిస్టర్."

టేపు మీద 28. సిస్టర్ తలూపి రాసుకుంటుంది. ఇరవై వారాలు దాటాక ఆ సెంటీమీటర్ల లెక్కా, గర్భం వారాల లెక్కా దాదాపు ఒక్కటే. రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ అయినా పర్వాలేదు. బాగా తగ్గితే బిడ్డ ఎదుగుదల చూడాలి. బాగా పెరిగితే కవలలో, ఉమ్మనీరు ఎక్కువో, నెలల లెక్క తప్పో చూడాలి. కరెంటు అక్కర్లేని, పాడైపోని, పది రూపాయల పరికరం ఇది.

బల్ల దిగుతూ అమ్మాయిలు అడిగే ప్రశ్నలు మాత్రం టేపుకు అందవు. పొట్ట మీద ఈ గీతలేంటి? బొడ్డు బయటికొచ్చింది, ఏమైనా అవుతుందా? వెంట వచ్చిన అత్తగారిది ఇంకో ప్రశ్న: "ముక్కు కుట్టిస్తే కాన్పు సులువైతదంటరు. ఇప్పుడు కుట్టియ్యొచ్చా?"

వేర్వేరుగా కనిపించే ఈ ప్రశ్నలన్నిటికీ మూలం ఒకటే. చర్మానికి ఎంత టైం ఇస్తున్నాం అన్నదే ఆ మూలం.

మూడు నదుల మధ్య

జింగనూర్ మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా ఊరు. ఈ తాలూకాకు పడమర ప్రాణహిత, దక్షిణాన గోదావరి, తూర్పున ఇంద్రావతి. గోదావరి దాటితే కాళేశ్వరం, ఇంద్రావతి దాటితే బస్తర్. ఇంగ్లిషు వాళ్ల కాలంలో సిరొంచ ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణం. ఆ జిల్లా తరవాత చాందాలో, అంటే ఇప్పటి చంద్రపూర్‌లో, కలిసింది. 1982లో చంద్రపూర్ నుంచి విడదీసి గడ్చిరోలిని వేరే జిల్లా చేశారు. పాలన మరాఠీలో నడిచినా చుట్టరికాలు, సంతలు, పెద్ద దవాఖానలు చాలామందికి నది అవతలే. అందుకే ఇక్కడి గర్భిణి నోట ఒకే పరీక్షకు రెండు పేర్లు వినిపిస్తాయి. ఈ గట్టున 'సోనోగ్రఫీ', ఆ గట్టున 'స్కానింగ్'.

ఒంటికి తూట్లు పొడిపించుకోవడం ఈ నేలకు కొత్త కాదు. మాడియా గిరిజన ఆడవాళ్లకు చెవి తమ్మెతో సరిపోదు, చెవి అంచు వెంట వరసగా రింగులుంటాయి. ముక్కుకు రెండు పక్కలా పుడకలు, ఒంటి మీద పచ్చబొట్లు ఉంటాయి. తెలుగు ఇళ్లలో ముసలమ్మల చెవులకు గంటీలు, బావిలీలు. బొడ్డుకు రింగు మాత్రం ఇక్కడి ఆచారం కాదు, అది పట్నం నుంచి వచ్చిన ఫ్యాషన్. 1993లో అమెరికా రాక్ బృందం ఏరోస్మిత్ 'క్రైయిన్' పాట వీడియోలో ఒక నటి బొడ్డు కుట్టించుకోవడం చూపించాక అది లోకమంతా పాకింది. ఇప్పుడు హైదరాబాదులోనూ నాగ్‌పూర్‌లోనూ చదువుకునే అమ్మాయిల్లో కనిపిస్తుంది. రేపు వాళ్లే కడుపుతో పుట్టింటికొస్తారు. అప్పుడు పాత తూట్లూ కొత్త తూట్లూ ఒకే టేపు కిందికి వస్తాయి.

గుప్పెడు సంచి గుమ్మడికాయంత

కడుపు రాకముందు గర్భసంచి బరువు సుమారు 70 గ్రాములు. లోపల చోటు 10 మిల్లీలీటర్లు, రెండు చెంచాల నీళ్లంత. నెలలు నిండేసరికి సంచి ఒక్కటే కిలో పైన తూగుతుంది. లోపల దాదాపు 5 లీటర్లు పడుతుంది. ఇందులో కొత్త కణాలు పుట్టడం తక్కువ, ఉన్న కండర కణాలే పొడుగూ లావూ అవుతాయి. వాటి నడుమ పీచు పదార్థమూ రక్తనాళాలూ పెరుగుతాయి.

పన్నెండో వారం దాకా ఈ పెరుగుదల నడుము ఎముకల గిన్నెలోనే దాగి ఉంటుంది. ఆ తరవాత పై అంచు గిన్నె దాటి చేతికి తగులుతుంది. ఇరవయ్యో వారానికి బొడ్డు దగ్గరికి, ముప్పయ్యారో వారానికి పక్కటెముకల కిందికి చేరుతుంది. అన్నం రెండు ముద్దలకే కడుపు నిండినట్టుండటం, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడకపోవడం అప్పుడే. తొలిచూలు వాళ్లకు చివరి వారాల్లో బిడ్డ తల కిందికి దిగుతుంది. "పొట్ట జారింది, ఇక పొద్దులు దగ్గరపడ్డయి" అని పెద్దవాళ్లు అనేది దీన్నే. అది ఉత్త మాట కాదు, శాస్త్రం కూడా ఒప్పుకునే గమనిక.

పెద్దవాళ్లు చెప్పే ఇంకో మాటను మాత్రం శాస్త్రం ఒప్పుకోదు. పొట్ట మొనదేలితే మగపిల్లాడనీ, గుండ్రంగా ఉంటే ఆడపిల్ల అనీ అంటారు. పొట్ట ఆకారాన్ని తేల్చేవి తల్లి ఎత్తు, కండరాల బిగువు, ఎన్నో కాన్పు, బిడ్డ ఏ వైపు తిరిగి ఉంది అనేవి. తొలి కాన్పులో కండరాలు బిగువుగా ఉంటే పొట్ట పైకి నిలబడుతుంది. మూడో కాన్పుకు వదులై కిందికి వేలాడుతుంది. బిడ్డ ఆడా మగా అన్న కబురు పొట్ట గోడ మీద రాసి ఉండదు.

సాగడమే కాదు, పెరగడం

ఇంత లోడు మోసే చర్మం ఏం చేస్తుంది? రబ్బరులా సాగుతుంది అనుకుంటాం. రబ్బరును లాగితే పలచబడుతుంది, వదిలితే వెనక్కి పోతుంది. చర్మం లాగితే, అదీ నిదానంగా లాగితే, పెరుగుతుంది. లాగుడు తెలిసిన అడుగుపొర కణాలు రెండుగా చీలి కొత్త కణాలను పుట్టిస్తాయి. అంటే ఆరో నెలలో గర్భిణి పొట్ట మీదున్న చర్మంలో కొంత, పెళ్లినాడు లేనే లేదు.

ఈ గుణాన్ని సర్జన్లు వైద్యానికి వాడుకున్నారు. 1957లో చార్లెస్ న్యూమన్ అనే అమెరికా డాక్టరు, ప్రమాదంలో చెవి పోగొట్టుకున్న రోగికి చెవి దగ్గరి చర్మం కింద చిన్న బెలూన్ పెట్టి, వారాల తరబడి కొద్దికొద్దిగా గాలి నింపాడు. అక్కడి చర్మం పెరిగింది. ఆ అదనపు చర్మంతోనే చెవిని మళ్లీ కట్టాడు. కాలిన గాయాలకు చేసే ప్లాస్టిక్ సర్జరీలో ఈ పద్ధతి ఇప్పటికీ ఉంది. గర్భం ఈ పని మనిషి పుట్టినప్పటి నుంచీ చేస్తూనే ఉంది.

ఇదే పాఠం ముసలమ్మ చెవిలోనూ కనిపిస్తుంది. చిన్నప్పుడు సూదంత తూటు. తరవాత పుల్ల, ఆ తరవాత చిన్న పోగు, ఏళ్లు గడిచాక బరువైన గంటీ. నిదానంగా బరువు పెరిగిన తమ్మె సాగి, ఉంగరంలా గుండ్రమై, ఎక్కడా తెగకుండా నిలుస్తుంది. అదే చెవికి కొత్తగా కుట్టించిన వారానికే బరువు వేలాడదీస్తే తూటు గీతలా జారి, చివరికి తమ్మె రెండుగా చీలుతుంది. తెగిన చెవి తమ్మెలు మన దేశంలో ఎంత పాత బాధంటే, సుశ్రుత సంహిత సూత్రస్థానంలో చెవులు కుట్టే అధ్యాయంలోనే వాటిని అతికే పదిహేను పద్ధతులున్నాయి. కుట్టడం నేర్పిన గ్రంథమే, తొందరపడితే ఏమవుతుందో కూడా చెప్పిందన్నమాట.

టైం ఇస్తే చర్మం ఎంతకైనా ఒప్పుకుంటుంది. తొందరపెడితే చినుగుతుంది.

గీతలు

పొట్ట మీది చారలు అలా చినిగిన జాడలే. పైపొర చెక్కుచెదరదు, అందుకే రక్తం రాదు, పుండు పడదు. దాని కింది పొరలో చర్మాన్ని పట్టి ఉంచే పీచులు లాగుడు తట్టుకోలేక తెగుతాయి. మొదట ఎర్రగా, ఊదాగా కనిపిస్తాయి, కొన్నిసార్లు దురద పెడతాయి. కాన్పయిన కొన్ని నెలలకు వెండి గీతల్లా తెల్లబడి సన్నబడతాయి. పూర్తిగా పోవు. గర్భిణుల్లో సగానికి పైగా మందికి వస్తాయి. చిన్న వయసులో తల్లి అయినవాళ్లకు, తల్లికో అక్కకో వచ్చినవాళ్లకు, త్వరగా బరువు పెరిగినవాళ్లకు, బిడ్డ పెద్దదైనవాళ్లకు ఎక్కువ. ఇక్కడ కూడా ఎంత సాగిందన్నది ఒక్కటే కాదు, ఎంత త్వరగా సాగిందన్నదీ లెక్కే.

కొబ్బరి నూనె రాస్తే రావంటారు. నూనె రాస్తే చర్మం మెత్తబడి దురద తగ్గుతుంది, అది నిజం. చారలు రాకుండా ఆపుతుందన్న ఏ నూనె గానీ క్రీము గానీ గట్టి పరీక్షకు నిలవలేదు. తెగేది లోపలి పొర. పైన రాసింది అంత లోతుకు చేరి పీచులను బాగుచెయ్యలేదు. కాబట్టి వందల రూపాయల ట్యూబు కొనే బదులు ఇంట్లో ఉన్న నూనె చాలు. ఆ డబ్బుకు గుడ్లు, పల్లీలు కొనుక్కుంటే మేలు.

పొత్తికడుపు నుంచి బొడ్డు మీదుగా పైకి పాకే నల్లని గీత కథ వేరు. ఆ గీత అందరికీ ముందే ఉంటుంది, తెల్లగా, కనిపించకుండా. పొట్ట కండరాల రెండు పట్టీలూ నడుమ కలిసే కుట్టు అది. గర్భంలో పెరిగే హార్మోన్లు చర్మానికి రంగిచ్చే కణాలను రెచ్చగొడితే ఆ గీత నల్లబడుతుంది. చనుమొనల చుట్టూ నలుపు తేలడం, ముఖాన మంగు రావడం కూడా ఆ హార్మోన్ల పనే. కాన్పు తరవాత నెమ్మదిగా వెలిసిపోతుంది. గీత బొడ్డు దాటిందా లేదా అన్నదాన్ని బట్టి ఆడా మగా చెప్పే జోస్యాలకు ఆధారం లేదు.

చివరి నెలల్లో ఆ కుట్టు వెడల్పవుతుంది. రెండు కండరపు పట్టీలూ పక్కలకు జరుగుతాయి. పడుకుని తల లేపితే పొట్ట మధ్యలో గట్టులా ఉబ్బుతుంది. కాన్పయ్యాక కొన్ని నెలల్లో ఆ ఎడం చాలావరకు దగ్గరపడుతుంది. పడకపోతే వ్యాయామం ఉంది. నడికట్టు బిగించి కడితే నడుముకు ఆసరాగా, హాయిగా ఉంటుందేమో గానీ, పట్టీలను దగ్గరికి తెచ్చేది కండరాలు చేసే పనే.

మన మొదటి గాయం

బొడ్డు అంటే మచ్చ. పుట్టగానే కోసిన తాడు ఎండి రాలిపోగా మిగిలిన గుర్తు. పొట్ట గోడలో బొడ్డుతాడు వచ్చిన దారి పుట్టాక మూసుకుపోతుంది. మూసుకున్నా గోడంతటిలో అదే పలచని చోటు. పెరుగుతున్న గర్భసంచి లోపలి నుంచి నెట్టినప్పుడు ముందు లొంగేదీ అదే. లోతుగా ఉన్న బొడ్డు ఐదారు నెలలకు చదునవుతుంది, తరవాత కొందరికి బయటికి పొడుచుకొస్తుంది. లంగా బొందు, చీర కుచ్చిళ్లు రాసుకుని మంట పుడుతుంది. బొందు కాస్త కిందికో పైకో కట్టుకుంటే చాలు. కాన్పయ్యాక చాలామందికి లోపలికి పోతుంది.

బొడ్డు దగ్గర ఉబ్బు పడుకున్నా లోపలికి పోకపోతే, గట్టిపడి నొప్పి పుడితే, ఎర్రబడితే, వాంతులైతే ఆగకూడదు. అది పేగు ఇరుక్కున్న హెర్నియా కావచ్చు.

రెండు గడియారాలు

ఇప్పుడు తూట్ల సంగతి. సూదితో పొడిచినంత మాత్రాన తూటు తయారు కాదు, అక్కడ గాయం మాత్రమే ఉంటుంది. దాన్ని వదిలేస్తే శరీరం మూసేస్తుంది. అందుకే నగ పెట్టి ఉంచుతాం. చేసేది లేక చర్మం రెండు చివర్ల నుంచీ లోపలికి పాకి, నగ చుట్టూ సన్నని గొట్టంలా పొర అల్లుకుంటుంది. ఆ పొర పూర్తయిన రోజున గాయం తూటవుతుంది.

దీనికి పట్టే టైం చోటును బట్టి మారుతుంది. చెవి తమ్మెకు ఆరు నుంచి ఎనిమిది వారాలు. ముక్కుకు కొన్ని నెలలు. రక్తం తక్కువ అందే చెవి పైభాగపు మృదులాస్థికి మూడు నెలల నుంచి ఏడాది. బొడ్డు పై మడతకు ఆరు నెలల నుంచి ఏడాది. నడిచినా, కూర్చున్నా, బట్ట రాసుకున్నా, చెమట పట్టినా బొడ్డు దగ్గర గాయం కదులుతూనే ఉంటుంది. అందుకే ఆ ఆలస్యం.

ఈ లెక్కను గర్భం పక్కన పెట్టి చూడండి. బొడ్డు తూటు మానే కాలమూ బిడ్డ తయారయ్యే కాలమూ ఇంచుమించు సమానం. ఒక గడియారం గాయాన్ని మూస్తుంటే, ఇంకోటి ఆ గాయం చుట్టూ చర్మాన్ని రోజూ లాగుతుంటుంది. మానకముందే కడుపు వస్తే గొట్టం సరిగా అల్లుకోదు. నగ కొంచెం కొంచెం పైకి జరుగుతుంది, దానిమీది చర్మం కాగితంలా పలచబడుతుంది, ఒక్కోసారి శరీరం నగను పూర్తిగా బయటికి నెట్టేస్తుంది. మిగిలేది పొడవాటి మచ్చ. చామనఛాయ, నలుపు చర్మాల్లో మచ్చ అంతటితో ఆగకుండా గడ్డలా పెరగొచ్చు. దాన్నే కీలాయిడ్ అంటారు. గర్భంలో పాత కీలాయిడ్లు ఇంకా పెరగడమూ ఉంది.

ఏళ్ల నాటి తూటైతే అంత భయం లేదు. నగ పొట్ట చర్మపు మడతలోనే ఉంటుంది, పొట్ట గోడను దాటదు. బిడ్డకు తగలడమన్న మాటే లేదు. ఒరుసుకోనంత కాలం ఉంచుకోవచ్చు. బొడ్డు పొడుచుకొచ్చి లోహం గుచ్చుకుంటే తీసేయాలి. పాత తూటు కొన్ని నెలల్లో ముడుచుకున్నా తరచు పూర్తిగా మూసుకుపోదు. తూటు నిలవాలనుకునేవాళ్లు లోహం బదులు వంగే మెత్తని ప్లాస్టిక్ పుడక పెట్టుకుంటారు. చనుమొనకు కుట్టించుకున్నవాళ్లు నగను పాలిచ్చేనాటికి తీసేయాల్సిందే. లేదంటే ఊడి బిడ్డ గొంతులో పడొచ్చు.

డాక్టర్లు ఇచ్చే సలహా ఒక్క ముక్కలో చెప్పొచ్చు. పాత తూటును చూసుకోండి, కొత్త తూటు కాన్పు తరవాత.

ముక్కుకూ కాన్పుకూ

అత్తగారి ప్రశ్నకు రావాలి. ఎడమ ముక్కుకు కుడితే కాన్పు సులువవుతుందన్న నమ్మకం దేశంలో చాలాచోట్ల ఉంది. ముక్కు పక్కనున్న నరానికీ గర్భసంచికీ సంబంధముందని వివరణ కూడా చెబుతారు. అలాంటి నరమేదీ శరీరశాస్త్రంలో లేదు. ముక్కు చర్మపు స్పర్శ ముఖనరాల ద్వారా మెదడుకు పోతుంది. గర్భసంచి నరాలు నడుము, త్రికం దగ్గర వెన్నుపాము నుంచి వస్తాయి. ఒకదాన్ని పొడిస్తే ఇంకోటి వదులు కాదు. కాన్పు కష్టసుఖాలను తేల్చేవి కటి ఎముకల వెడల్పు, బిడ్డ తల తిరిగిన తీరు, నొప్పుల బలం, పక్కనున్న మనిషి నేర్పు.

ఆ నమ్మకం చెప్పినంత పాతదేనా అన్నదీ అనుమానమే. ముక్కు నగ మన దేశంలో చెవి నగంత ప్రాచీనం కాదని పండితుడు పి.కె. గోడే పాత గ్రంథాలు గాలించి వాదించాడు. అందం కోసం, ఆచారం కోసం కుట్టించుకోవడం ఎవరిష్టం వారిది. కాన్పు కోసమని కడుపుతో ఉన్న పిల్లకు మాత్రం కుట్టించొద్దు.

సూది వెంట వచ్చేవి

గర్భంలో రక్తం పరిమాణం నలభై శాతానికి పైగా పెరుగుతుంది, ఒళ్లు నీరు పడుతుంది. కొత్త గాయం ఎక్కువ కారుతుంది, వాస్తుంది. బిగుతు నగ వాపులో కూరుకుపోతుంది. రోగనిరోధక శక్తి కూడా బిడ్డను పరాయిదిగా చూడకుండా తన పద్ధతి మార్చుకుంటుంది. దాంతో మలేరియా, ఫ్లూ లాంటి కొన్ని జబ్బులు గర్భిణిలో తీవ్రమవుతాయి. మహారాష్ట్రలో మలేరియా ఎక్కువగా ఉండే జిల్లాల్లో గడ్చిరోలి ఒకటి. సికిల్ సెల్ జబ్బూ ఇక్కడి కుటుంబాల్లో ఉంది. ఆ జబ్బున్న గర్భిణికి చిన్న చీము గడ్డ తెచ్చిన జ్వరం కూడా పెద్ద నొప్పుల దాడికి దారి తీయొచ్చు.

జాతరలో ఒకే సూదితో పది మందికి చెవులు కుట్టినా, పచ్చబొట్టు పొడిచినా ఆ సూది మోసేది రంగు ఒక్కటే కాదు. హెపటైటిస్ బి వైరస్ కంటికి కనిపించనంత రక్తంలోనూ బతుకుతుంది. తల్లి నుంచి పుట్టుకలో అంటుకుంటే, టీకా పడని బిడ్డల్లో పదిమందిలో తొమ్మిదిమందికి అది జీవితాంతపు జబ్బవుతుంది. పుట్టిన 24 గంటల్లో వేసే మొదటి టీకా దీనికోసమే.

తూటు మూసుకుపోకుండా వేపపుల్లో చీపురుపుల్లో గుచ్చడం మన ఇళ్లలో అందరికీ తెలిసిన చిట్కా. పుల్ల మెత్తన, బరువు లేదు, నికెల్ కలిసిన చౌక నగలా దద్దు పుట్టించదు. ఆ మేరకు పెద్దవాళ్ల ఆలోచన మంచిదే. చిక్కల్లా చీపురు నేలంతా ఊడ్చిందే కావడం. ధనుర్వాతపు క్రిములు విత్తనాల్లా మట్టిలో, పేడలో ఏళ్ల తరబడి కాచుకుని ఉంటాయి. గర్భిణికి వేసే టీడీ సూది వీటి మీదే. మొదటిసారి కడుపైతే నెల తేడాతో రెండు డోసులు. మూడేళ్లలోపు మళ్లీ కడుపైతే ఒక బూస్టరు. తల్లి రక్తంలో తయారైన రక్షణ మాయ దాటి బిడ్డకూ చేరుతుంది.

చెవో ముక్కో కాస్త ఎర్రబడితే మరగబెట్టి చల్లార్చిన గ్లాసు నీళ్లలో పావు చెంచా ఉప్పు కలిపి, శుభ్రమైన గుడ్డతో రోజుకు రెండుసార్లు తుడిస్తే చాలు. బూడిద, పసుపు ముద్ద, పేడ వద్దు. నగను తిప్పుతూ ఉండొద్దు. చీము పడితే నగ పీకేసుకోవద్దు. తూటు మూసుకుపోయి చీము లోపలే గడ్డకడుతుంది. దవాఖానకు పోవాలి. చెవి పైభాగం వాచి మండితే అదే రోజు చూపించాలి. మృదులాస్థి కరిగితే చెవి ఆకారం తిరిగి రాదు.

బయల్దేరే ముందు

వానాకాలంలో వాగులు పొంగితే జింగనూర్ చుట్టుపక్కల ఊళ్లు దారి లేక ఆగిపోతాయి. అందుకే పొద్దులు నిండకముందే వచ్చి దవాఖాన దగ్గర ఉండేందుకు మహారాష్ట్ర ప్రభుత్వం గిరిజన ప్రాంతాల్లో 'మాహేర్ ఘర్' ఏర్పాటు చేసింది. మాహేర్ అంటే మరాఠీలో పుట్టిల్లు. దేశమంతా 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు ఉచితంగా డాక్టరు పరీక్ష ఉంటుంది. ఆ రోజే నగల మాట కూడా అడగొచ్చు.

ఎనిమిదో నెల దాటాక వేళ్లు వాస్తాయి. ఉంగరాలు, మెట్టెలు సులువుగా వచ్చేటప్పుడే తీయాలి, తరవాతైతే కోయాల్సి వస్తుంది. ఆపరేషన్ కాన్పులో రక్తం ఆపడానికి కరెంటుతో పనిచేసే పరికరం వాడతారు. ఒంటి మీద లోహం ఉంటే అక్కడ కాలే ప్రమాదముంది. మత్తు ఇచ్చి గొంతులో గొట్టం వేయాల్సి వస్తే ముక్కెర, బులాకీ అడ్డం పడతాయి, ఊడి గొంతులో పడొచ్చు. ముక్కుపుడక తీస్తే అశుభమని భయపడే ఇళ్లున్నాయి. ఏళ్ల నాటి తూటు కొన్ని గంటలకు మూసుకోదు, తిరిగొచ్చి అదే పుడక అదే చోట పెట్టుకోవచ్చు. మర బిగుసుకుపోయి రాకపోతే నొప్పులు మొదలవకముందే అవుసులాయన దగ్గరికి వెళ్లడం మంచిది.

దురద చెప్పే కబురు

సాగే పొట్ట దురద పెట్టడం మామూలే. అయితే దురద ఎక్కడ మొదలైందో చూస్తే చర్మవైద్యులు సగం సంగతి పోల్చేస్తారు. చివరి వారాల్లో చారల మీదే ఎర్రని దద్దుర్లు లేచి, బొడ్డు చుట్టూ మాత్రం ఖాళీగా ఉంటే అది ఎక్కువగా ప్రమాదం లేనిది, కాన్పుతో పోతుంది. బొడ్డు దగ్గరే మొదలై బొబ్బలుగా పాకితే అది వేరే, అరుదైన జబ్బు, డాక్టరు చూడాలి. దద్దుర్లేమీ లేకుండా అరచేతులు, అరికాళ్లు, అదీ రాత్రిపూట దురద పెడితే కాలేయం నుంచి పిత్తం సరిగా పారడం లేదేమో. అది బిడ్డకు ముప్పు. రక్తపరీక్ష చేయించాలి.

ఇలాంటివి అడగడానికి సిగ్గుపడే అలవాటు ఈ జిల్లాకు కొత్త కాదు. డాక్టర్ రాణీ బంగ్, సహచరులు గడ్చిరోలిలోని రెండు గ్రామాల్లో 650 మంది స్త్రీలను పరీక్షించి, ఆ ఫలితాలను 1989లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురించారు. 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ వ్యాధి ఉంది. అంతకుముందు ఎప్పుడైనా ఆ పరీక్ష జరిగినవాళ్లు 8 శాతమే. జబ్బు లేకపోబట్టి కాదు, అడిగినవాళ్లు లేకపోబట్టే అది బయటపడలేదు.

బొడ్డు ఊడేదాకా

కాన్పయ్యాక తల్లి గర్భసంచి ఆరు వారాల్లో పాత సైజుకు వస్తుంది. చర్మం అంత త్వరగా రాదు. తొమ్మిది నెలలు పెరిగింది మరి. ఈలోగా ఇంట్లో కొత్త గాయం ఒకటి చేరుతుంది. అది బిడ్డ బొడ్డు.

కోసిన తాడుకు బూడిదో పేడో రాయడం వల్ల ఒకప్పుడు పురిటిబిడ్డలు ధనుర్వాతం సోకి, పాలు పట్టలేక, దవడ బిగిసి చనిపోయేవారు. శుభ్రమైన కోత, తల్లికి టీకా, తాడుకు ఏమీ రాయకపోవడం, ఈ మూడింటితోనే అది తగ్గింది. తల్లీబిడ్డల ధనుర్వాతం దేశంలో నిర్మూలన స్థాయికి చేరిందని 2015లో ప్రకటించారు. ఇదే గడ్చిరోలిలో డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి పసిబిడ్డలను ఇంటి దగ్గరే చూసుకునే పద్ధతి పెడితే, మూడో ఏటికల్లా నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయి. 1999లో అది లాన్సెట్‌లో వచ్చాక దేశమంతా ఆ దారి పట్టింది.

బొడ్డు రాలడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. లాగకూడదు, రాయకూడదు, తడి తగలనివ్వకూడదు. ఎండనివ్వాలి అంతే. పసిపాపకు చెవులు కుట్టించే ముచ్చటకు కూడా తొందర వద్దు. ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలు పడనిచ్చి, కొత్త సూదితో కుట్టించాలి.

మన భాషలో మరీ పసివాడిని బొడ్డూడనివాడు అంటాం. ఎదగడానికి గాయం మానాలన్న లెక్క ఆ మాటలోనే ఉంది. వరండాలో అత్తగారి ప్రశ్నకు సిస్టర్ చెప్పాల్సిన జవాబు కూడా దాదాపు అదే: "ముక్కు యాడికి పోదమ్మా. ముందు బిడ్డ బొడ్డు ఊడనియ్యి. అప్పుడు కుట్టిద్దాం."